ఎడమవి ఆయనవి

సాంక్లోద్‌లో నవంబరంటే
మంచు కురవాలా వద్దా అని
కొండ ఇంకా తేల్చుకోని నెల.
తలుపు తోసుకుని వచ్చింది మదాం వుయెర్మోజ్.
చేతిసంచిలో ఉల్లిపాయలు పక్కకి నెట్టి
పాత పేపర్లో చుట్టిన పైపు తీసి
"మా ఒనొరేది. బాగుచెయ్యి" అంది.
ఎంతవరకు అని నేనడగలేదు.
అడగాల్సింది.

రంపపు మిల్లు మనిషి ఒనొరే.
మూడువేళ్లే మిగిలిన చేత్తో
గిన్నెను ఎట్లా పట్టుకునేవాడో చెక్కే చెబుతోంది:
ఆ మూడుచోట్లా చీకటి మెరుపు,
మిగతా అంతా దుమ్ము.

లోపల మసి పొరలు పొరలుగా గట్టిపడి
చిటికెనవేలు పట్టని సందు మిగిలింది.
గీకుడుకత్తి దించి మెల్లగా తిప్పాను.
రాలేది బొగ్గా, సాయంత్రాలా అని
ఇట్లాంటిచోట ఎవరికైనా అనబుద్ధేస్తుంది.
బొగ్గే.
గోళ్లలో దూరి వారందాకా వదలని బొగ్గు.

గిన్నె నిండా గళ్లుప్పు పోసి
స్పిరిట్ చుక్కలు పట్టించి పడుకున్నాను.
తెల్లారేసరికి ఉప్పు బెల్లం రంగు తిరిగింది.
అన్నేళ్ల చేదునీ ఒక్క రాత్రిలో తాగి
కిక్కురుమనలేదు.

ఇది కాండం కాదు, కొమ్మా కాదు.
కార్సికా కొండమీద ఒక పొద కింద
రాళ్లను కరుచుకుని ఊరిన వేరుబుడిపె.
పైన కార్చిచ్చు అంతా ఊడ్చుకుపోయినా
కింద నుంచి మళ్లీ చిగురేసే మొండిది.
నిప్పును ఒళ్లో కూచోబెట్టుకోవడం
దానికి మనం నేర్పిన విద్యేమీ కాదు.

పక్కన ఒక సొట్ట.
తడిగుడ్డ కప్పి కాల్చిన కత్తి ఆనిస్తే
ఆవిరి పీల్చి,
అలిగిన పిల్ల మొహం ఎత్తినట్టు
కొంచెం కొంచెంగా పైకి లేచింది.

ఇక నోటిగొట్టం.
నల్లని ఎబొనైట్ పాచిరంగుకి తిరిగి ఉంది.
గరుకు కాగితం తడిపి రుద్దుతుంటే
గదంతా తడిసిన అగ్గిపెట్టె వాసన.
కొసన పంటిగాట్లు.
ఎడమవైపు లోతుగా, వెడల్పుగా.
కుడివైపు చిన్నచిన్నవి, దగ్గరదగ్గరగా,
ఎలక రుచి చూసి వదిలేసినట్టు.
కట్టుడుపళ్లు పెట్టించుకున్నాడేమో అనుకున్నాను.

రబ్బరుకో గుణం ఉంది,
మొదటి అచ్చును మరిచిపోదు.
దీపం మంట మీద అటూ ఇటూ ఆడిస్తే
ఎవరూ కొరకని రోజుకి తిరిగి వెళ్లిపోతుంది.
ఎడమవైపు గాట్లు లేస్తున్నాయి, నునుపవుతున్నాయి.
నా పనితనానికి నేనే మురుసుకుంటూ
కుడివైపుకి తిప్పబోతుంటే తలుపు చప్పుడు.

గొట్టం అందుకుని
బొటనవేలి గోరుతో తడిమింది మదాం.
"ఎడమవి ఆయనవి" అంది. "ఇటువి నావి."

రాత్రి షిఫ్టుకి ఆయన దిగి వెళ్లాక
కిటికీ తెరిచి రెండు దమ్ములు.
ముప్పయ్యేళ్లు.
"ఆయనకి తెలీదు."
బయట బస్సు ఆగి వెళ్లిపోయింది.
"తెలుసేమోలే.
వారానికి రెండుసార్లు
నింపిన పైపు వెలిగించకుండానే
బల్లమీద మరిచిపోయేవాడు.
దేన్నీ మరిచిపోయే మనిషి కాదు."

నా చేతిలో దీపం ఇంకా మండుతూనే ఉంది,
తప్పుచేసిన వాడి చెవిలాగా.

గోరు ఎడమ అంచున ఒకచోట ఆగింది.
ఒక్కటి పూర్తిగా లేవలేదు.
మిల్లు సమ్మె చేసిన ఆ చలికాలం
ఊరంతా పంటిబిగువున బతికింది.
ఆ పళ్లు ఎక్కడ బిగిశాయో
నాకు ఇప్పుడు తెలిసింది.

"మిగతా సగం ముట్టుకోకు" అంది.
"సగం పనికి సగం డబ్బే" అని కూడా అంది,
లెక్కపెట్టి మరీ పెట్టింది.
పైపును కుడి దవడకి ఆనించి,
పొగాకు లేదు, నిప్పు లేదు,
ఒకసారి గాలి పీల్చి చూసి
సంచిలో వేసుకుంది.

వెళ్తూ వెళ్తూ ఏమనుకుందో
వెనక్కొచ్చి, చిల్లర పక్కన
ఒక ఉల్లిపాయ పెట్టింది.
వేర్లకి ఇంకా మన్ను ఉంది.
దాన్ని మాత్రం నేను తుడవలేదు.